పాఠకులు లేరని రాసిచ్చాను

2022లో నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి లైబ్రేరియన్‌ని. పక్క సందులోని పప్పుల గోడౌన్‌లో చెరిగే పని చేసే మరియమ్మ గారు రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే వచ్చేవారు. బైబిలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్న మనిషి. మా దగ్గరున్న పాత ఇతిహాసం వచన ప్రతిని వరస మీద వేలు పెట్టి చదువుకునేవారు. నిండు సభలో ఒక స్త్రీకి అవమానం జరిగే ఘట్టం దగ్గర ఒకరోజు ఆగిపోయారు.

"సార్, అంతమంది పెద్దోళ్ళు కూర్చునున్నారు కదండీ. ఒక్కళ్ళూ మాట్లాడలేదేంటండి?"

"రాజుగారి తిండి తింటున్నారు కదమ్మా. నోరు పెగల్లేదు" అన్నాను, గొప్ప వ్యాఖ్యానం చెప్పినట్టు.

"మా మేస్త్రీ కాడ మేమూ అంతేలెండి" అని ఆవిడ పేజీ తిప్పారు.

నెల తిరక్కుండా మా వార్డు నాయకుడి కన్ను మా భవనం మీద పడింది. పార్టీ ఆఫీసుకు కావాలట. పై అధికారి ఫోన్ చేశారు.

"ఎవరూ రావట్లేదని ఒక రిపోర్ట్ పంపించండి. పటమట బ్రాంచికి మీ బదిలీ సంగతి నేను చూస్తాను."

మా ఇల్లు పటమటలోనే. ఫుట్‌ఫాల్, అంటే రోజుకు వచ్చే పాఠకుల సంఖ్య, దాదాపు సున్నా అని రాసి సంతకం పెట్టాను.

నా రిపోర్ట్ మీద తనిఖీకి ఒక అధికారి వచ్చిన రోజున మరియమ్మ గారు లేచి నిలబడ్డారు. "నేను రోజూ వస్తానండి. సార్‌ని అడగండి."

అధికారి నా వైపు చూశారు. గుమ్మంలో నాయకుడి మనుషులు ఇద్దరున్నారు. నేను తల దించుకున్నాను.

"ఎప్పుడో ఒకసారి వస్తుంటారండి."

ఆవిడ పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను అంత తేలిగ్గా వివరించి చెప్పిన ఆ సభలో నాకూ ఒక కుర్చీ ఉందని అప్పుడు తెలిసింది.

లైబ్రరీ మూసేశారు. బదిలీ వచ్చింది. రెండు వారాలు సరిగ్గా అన్నం సహించక, చివరికి గోడౌన్‌కు వెళ్ళాను.

"తప్పయిపోయిందమ్మా."

ఆవిడ చేతిలో చాట ఆగలేదు. "నాతో చెబితే ఏం లాభమండీ? ఆళ్ళ ముందు చెప్పాల్సింది."

మర్నాడు నా రిపోర్ట్ అబద్ధమని పై ఆఫీసుకు రాశాను. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది గాని, భవనం తిరిగి రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: నిజానికి ఒక వేళ ఉంటుంది. అది దాటాక చెబితే చెప్పినవాడి మనసు కాస్త తేలికపడుతుందేమో, మరియమ్మ గారికి మాత్రం కూర్చుని చదువుకునే చోటు దొరకదు.