ఇంజనాయిలుకు అత్త చూసిన పాకం

మొన్న మార్కాపురం షెడ్డులో మేస్త్రి నా కారు బానెట్టు ఎత్తి, ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగి, "ఇంకొన్నాళ్లు ఆగొచ్చులే అన్నా" అన్నాడు. నేను కడ్డీ చివరి చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా సాగదీశాను. "ఏందన్నా, లడ్డు పాకమా?" అని నవ్వాడు. పాపం అతనికేం తెలుసు, మా ఇంట్లో ఇంజనాయిలు ఎప్పుడు మార్చాలో తేల్చింది నిజంగా లడ్డు పాకం తెలిసిన మనిషే.

ఆమె నాయనకు అక్క, నాకు మేనత్త. ఊళ్లో ఏ పెళ్లికి లడ్లు చుట్టినా పాకం చూడ్డానికి ఆమెనే పిలిచేవాళ్లు. ఆమె వేళ్ల మధ్య సాగే తీగ మీద తడిచీర ఆరేయొచ్చంటే మీరు నమ్మరు; పోనీ, రవికగుడ్డ అనుకోండి. డెబ్బయ్యేళ్ల కిందట, రాష్ట్రం వచ్చిన కొత్తలో నాయన ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవాడు. దాని మైళ్ల ముల్లు మా ఇంటికి రాకముందే కదలడం మానేసింది. అందుకని ఆయిలు సంగతి అత్త వేళ్లకు వదిలేశాడు. పొద్దున్నే చల్లటి ఇంజనులోంచి చుక్క తీసి, తీగ సాగితే "జీవముందిరా" అనేది. తెగితే ఆ పూట బాడుగలన్నీ బందు.

ఇక చెప్పబోయేది నేను దగ్గరుండి చూసిందే, కాకపోతే అమ్మ కడుపులోంచి. అమ్మ తొలికాన్పుకు పుల్లలచెరువులో పుట్టింటికి పోయింది. నొప్పులు మొదలయ్యాక, బిడ్డ అడ్డం తిరిగింది, మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందేనని మంత్రసాని కబురంపింది. నాయన, అత్త కారులో ఎగిరెగిరి పడుతూ మిట్టమధ్యాహ్నానికి చేరారు. అమ్మను మంచం మీద మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. నాయన తాళంచెవి జారవిడిచి, తీసి, మళ్లీ జారవిడిచాడు. "ఆగరా" అంటూ అత్త దిగి, కడ్డీ లాగి, పొగలు కక్కే చుక్కను వేళ్ల మధ్య పట్టింది.

"తీగ రాలేదు. నీళ్లయిపోయింది. మార్చు."

"పిచ్చి పట్టిందా అక్కా? ఆమె అట్ల అరుస్తాంటే ఆయిలు మార్చమంటావా!"

"దారిలో వాగు నడుమ ఇంజను పట్టేస్తే నీ పెండ్లాన్ని భుజానేసుకొని పోతావా? ఆయిలు డబ్బా దించు."

అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అత్త వంశాన్నంతా తిట్టిపోసింది. మంత్రసాని మాత్రం అమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, "కాసేపు తట్టుకుంటదిలే, బిరబిరా కానీండి" అంది. నాయన కారు కిందికి దూరి నట్టు విప్పాడు. నల్లటి ఆయిలు చట్టిలోకి తీరుబడిగా కారింది. ఆ చప్పుడు నాకింకా గుర్తే. నట్టు బిగించి, కొత్త ఆయిలు పోసి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆ రాళ్లదారిలో, ఆ వాగులో కారు కొంగలా అడుగులేసింది. అమ్మ బతికింది, నేను పుట్టాను.

నాకు మీసాలొచ్చి, నేనూ కారు నడపడం నేర్చాక తెలిసింది: వేడి ఇంజనులోంచి తీస్తే కొత్త ఆయిలుకైనా తీగ రాదు. అత్త మీదికి పోయాను. "ఆ పొద్దు పాకం తప్పు చూసినావు గదత్తా!"

"పొయ్యి మీద మరిగేదానికి తీగ రాదని నాకు తెలీదా అల్లుడా? నేను ఆయిలు చూళ్లేదు. మీ నాయన చేతులు చూసినా. తాళంచెవి నిలవడంల్యా. ఆ చేతుల్తో వాగు దాటిస్తాడా? తెలిసిన పని చేస్తే కుదురుకుంటాయని కారు కిందికి తోసినా."

"ఆలస్యమై అమ్మకేమన్నా అయ్యుంటే?"

"మీ అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉండె. దాన్నీ చూస్తానే ఉంటి."

కోతలు కోయడంలో నా నోటికి సాటి లేదనుకునేవాణ్ని. అంత మందిలో, అన్ని తిట్ల మధ్య, మొహం చెదరకుండా ఆడిన ఆ ఒక్క అబద్ధం ముందు నా కోతలెంత! ఈ నోరు పుట్టిందే దాని వల్ల.

షెడ్డులో మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చుక్కను తుడుచుకుంటూ నా చేతుల వైపు చూసుకున్నాను. ఈ వయసుకు వేళ్లు కొద్దిగా వణుకుతున్నాయి. "మార్చెయ్ తమ్ముడా" అన్నాను. నేను పుట్టడం కోసం ఆ కాసేపు కారు పక్కన ఓపిగ్గా నిలబడిన కాలం, ఆ తర్వాత ఇంకెన్నడూ నా కోసం ఆగలేదు.