కుర్రు మీద మూడు రోజులు

డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖని దగ్గర ఒక చిన్న దవాఖానలో నర్సుగా పనిచేశాను. వారానికొకసారి పడవెక్కి, గోదావరి నడుమ చిన్న లంకలాంటి కుర్రు మీద ఉండే పది పదిహేను ఇళ్లకు మందులు తీసుకెళ్లేదాన్ని. ఆ ప్రాంతంలో నాకు నావాళ్లంటూ ఎవరూ లేరు. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని.

ఒక వానాకాలం, కుర్రు మీద చలిజ్వరం బిళ్లలు పంచుతూ పంచుతూ నేనే వణికిపోయి కూలబడ్డాను. ఆ మధ్యాహ్నమే నీరు పెరిగి పడవ ఆగిపోయింది. ఒంటరిగా బతికే ఒక ముసలమ్మ నన్ను తన గుడిసెలో పడుకోబెట్టి, ఉన్న ఒక్క గొంగడీ నామీద కప్పింది. నా మందుల సంచిని చాప మీద కుమ్మరించింది.

“బిడ్డా, ఇందుల నీకేది ఇయ్యాలె?”

“ఆ తెల్లవి, అవ్వా. కానీ మస్తు చేదు.”

“మొన్న నేను చేదంటే ఇన్నవా? మింగు.”

మూడు రోజులు జొన్న అంబలి తాగించింది. “ఇంటికాడ నీ కోసం ఫికర్ చేస్తుంటరు గదా” అని మాటిమాటికీ బాధపడేది. నేను అవుననేదాన్ని.

నాలుగో రోజు నీరు తగ్గాక పడవెక్కి తిరిగొచ్చాను. దవాఖానలో కాంపౌండర్ చీటీ రాస్తూ తలెత్తకుండానే అడిగాడు.

“ఊరికి పోయినవా, అక్కా?”

“అవును” అన్నాను.

గదికి వచ్చి, తాళం తీసి, మంచం మీద కూర్చున్నాను. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉన్నట్టనిపించింది. నుదుటి మీద నా చెయ్యి నేనే పెట్టి చూసుకున్నాను.