నేను చెరిపిన చిరునామా

మూడేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. పాప ఇప్పుడే పడుకుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు బళ్లారిలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేదాన్ని. కడుపుతో ఉన్నాను. మెయిల్ సర్వర్ చూసేది ప్రభుదాసన్న. నాకు పని నేర్పిందీ ఆయనే. కంపెనీ పేరున వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే చిరునామా డీఎన్ఎస్ అనే ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో ఒక వరుసగా ఉంటుంది. కొత్త వెబ్‌సైటు కోసం మార్పులు చేస్తూ, పాతదనుకుని ఆ వరుసను చెరిపేశాను.

మర్నాడు మెయిళ్లు ఆగిపోయాయి.

"ఏంది ప్రభుదాసప్పా, డీలర్ల ఆర్డర్లు ఒక్కటీ రాలే. నీ సర్వరు గూడా నీ మాదిరే కునుకుతాండాదా?" అన్నాడు ఓనరు, అందరి ముందూ.

"చూస్తాండా సార్. ఈడంతా బాగానే ఉండాది."

నాకప్పుడు అర్థమైంది. గుట్టుగా ఆ వరుసను మళ్లీ పెట్టేశాను. ఎందుకు చెప్పలేదు? కాన్పు సెలవు అడిగినప్పటి నుంచి నన్ను తీసేయడానికి ఓనరు సాకు వెతుకుతున్నాడని భయం. భయమొక్కటేనా, చదువుకున్నదాన్నన్న పేరు పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సరిచేసినా వెంటనే ఫలితం కనబడదు. చిరునామా లేదన్న జవాబునే బయటి సర్వర్లు కొన్ని గంటలు గుర్తుపెట్టుకుంటాయి. ఆ గంటలన్నీ ప్రభుదాసన్న భోజనం మాని, సర్వర్‌ను ఆపుతూ, మళ్లీ నడుపుతూ కూర్చున్నాడు. సాయంత్రం మెయిళ్లు రాగానే తప్పు సర్వర్‌దేనని తేల్చేశారు. ఆయన్ను మాన్పించి ఆ పని నాకిచ్చారు.

వెళ్లే రోజు తన కుర్చీని నా వైపు జరిపాడు.

"ఇది నడుముకు బాగుంటాది, కూర్చోమ్మా. ఇంకోతూరి ఏమన్నా మార్చే ముందర పాతది ఫోటో తీసి పెట్టుకో. యాడ పోయిందో ఎతుక్కునే పనుండదు."

"సరేన్నా" అన్నాను. తల ఎత్తలేదు.

ఆయనకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఆ ఉద్యోగం నిలిచింది కాబట్టే నెలలు నిండకుండా పుట్టిన పాపకు మంచి వైద్యం చేయించగలిగాను. పాప నవ్వినప్పుడల్లా ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ ఆ మొక్కు ఎందుకో చెప్పాలంటే ముందు తప్పు చెప్పాలి కదా? ఆయన తెక్కలకోటలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడని విన్నాను. సిరుగుప్ప బస్సు ఆ ఊళ్లో ఆగితే, పాపను ఒళ్లో అదుముకుని కిటికీ నుంచి మొహం తిప్పుకుంటాను.

ప్రభుదాసన్నా, ఆ వరుస చెరిపింది నేను. నీ సర్వర్ ఆ రోజంతా సరిగ్గానే నడిచింది.