పడని మందుల గడి

"...చెప్పలేదని ఎలా అంటారండీ? మా నాన్న తన నోటితో తనే చెప్పాడట. ఏ సిస్టర్‌కో మాత్రం ఆయనకు గుర్తులేదు."

"ఆ వివరాలు ఎక్కించింది నేను కాదమ్మా."

"మరి ఈ కాగితం మీద మీ పేరెందుకుంది?"

కౌంటరు దగ్గర, ఈ వార్డులో ఉండి వెళ్లిన దర్జీ కూతురు తోటి నర్సును నిలదీస్తోంది. మందుల గదిలో సీసాలు సర్దుతున్న పెద్ద సిస్టర్ చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి.

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె ఒకరిచేత మాట పడింది లేదు. కంప్యూటరు వచ్చాక వార్డును నెట్టుకొచ్చిందీ ఆమే. అది తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి పొద్దున ఎవరు తెరిస్తే సాయంత్రం దాకా వాళ్ల పేరు మీదే అందరూ వివరాలు ఎక్కించేవారు. 'పడని మందులు' అనే గడి నింపందే తెర ముందుకు కదలదు. మందు పేరు వెతుకుదామంటే చాంతాడంత జాబితా. 'లేవు' అని నొక్కేసి, అసలు సంగతి కేస్‌షీటు మీద ఎర్ర పెన్నుతో రాసుకోమని అందరికీ నేర్పింది పెద్ద సిస్టరే.

"ఆ సూది నాకు పడదమ్మా, మొహం గుమ్మడికాయ అవుతుంది" అన్నాడు దర్జీ, వార్డులో చేరిన రోజు ఒక సూది పేరు చెప్పి.

"అయితే చొక్కా కాలరు వదులుగా కుట్టుకో బాబాయ్" అని నవ్వించి, ఆ రోజు తోటి నర్సు పేరు మీద తెరిచి ఉన్న కంప్యూటర్లో పెద్ద సిస్టర్ 'లేవు' నొక్కింది. ఎర్ర పెన్నుతో రాసింది కూడా.

మూడోనాడు ఆయన్ని గుండె ఆసుపత్రికి మార్చారు. కేస్‌షీటు ఇక్కడే ఉండిపోయింది. తెర మీది 'లేవు' మాత్రం ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. వాళ్లు దాన్ని నమ్మి ఆ సూదే వేశారు. రెండు రోజులు గొట్టంతో ఊపిరి తీసుకుని, ఎలాగో బతికి బయటపడ్డాడు.

మొన్న తోటి నర్సుకు మెమో వచ్చింది. సంజాయిషీ సరిగా లేకపోతే ఉద్యోగం పోతుంది. "ఏం కాదులే, నేను మాట్లాడతాను" అని పెద్ద సిస్టర్ ఆమె భుజం తట్టింది. మాట్లాడలేదు. నిన్న సూపరింటెండెంట్ గది దాకా వెళ్లి, లోపల ఎవరో ఉన్నారని తనకు తానే చెప్పుకుని వెనక్కి వచ్చేసింది.

"పోనీ, ఎవరు నొక్కారో అదైనా చెప్పండి" అంది దర్జీ కూతురు.

"గుర్తులేదమ్మా."

తోటి నర్సుకు గుర్తుంది. పక్క మంచం దగ్గర నిలబడి ఆ కాలరు మాటకు తనూ నవ్వింది. పెద్ద సిస్టర్ సీసా అరలో పెట్టి బయటికొచ్చింది. ఇద్దరి మొహాల్లోకీ చూడలేక కౌంటరు అంచు వైపు చూస్తూ దర్జీ కూతురితో అంది.

"నొక్కింది నేను. ఇప్పుడే వెళ్లి సూపరింటెండెంట్ గారికి రాసిస్తాను. నువ్వూ రా అమ్మా, నీ ముందే రాస్తాను."