మిగిలిపోయిన స్క్రూ

డబ్బాలకు మూతలు కొట్టే ప్రెస్సు మీద పదకొండేళ్లు పనిచేసింది కాబట్టి వీధిలో అందరికీ ఆమె మూతలక్క. నాలుగేళ్ల కిందట ఆ ప్రెస్సే కుడిచేతిని మణికట్టు దాకా తీసుకుపోయింది. యజమాని ఒకసారి ఆస్పత్రికి వచ్చి పండ్లు పెట్టి వెళ్లాడు. మొగుడు అంతకుముందే పోయాడు. అప్పటినుంచి తమ్ముడింట్లోనే ఉంటోంది. నెలనెలా వచ్చే వికలాంగుల పింఛను తెచ్చి మరదలి చేతిలో పెడుతుంది. అందుకే ఆ ఇంట్లో తలెత్తుకుని తినగలుగుతోంది.

ఓ పెద్ద కంపెనీ సేవాదినం పెట్టింది. చేతులు లేనివాళ్లకు ఉద్యోగులే ప్లాస్టిక్ చేతులు బిగించి ఇస్తారట. చల్లటి హాల్లో బల్లకు అయిదుగురు ఉద్యోగుల చొప్పున కూర్చున్నారు. ఎదుటివాళ్ల కష్టం తెలియాలని ఒక్కొక్కరి కుడిచేతిని వీపు వెనక్కి కట్టారు. ముందు ఎవరు పూర్తిచేస్తే వాళ్లకు కప్పు. మూతలక్క కూర్చున్న బల్లవాళ్లే గెలిచారు. చప్పట్ల మధ్య చూస్తే బల్లమీద ఒక స్క్రూ మిగిలి ఉంది.

"అమ్మాయీ, ఇదొకటి ఉండిపోయింది," అంది.

"ఎక్స్‌ట్రా ఇస్తారు ఆంటీ," అంది చెయ్యి తొడుగుతున్న అమ్మాయి.

తొడిగిన చేతికి బొటనవేలు ముడుచుకోలేదు. ఫొటోకి గ్లాసు పట్టుకోమన్నారు. గ్లాసు జారుతుంటే ఆ అమ్మాయే కింద అరచెయ్యి ఆనించి, "నవ్వండి ఆంటీ," అంది. మూతలక్క నవ్వింది. పేపర్లో పడ్డ ఫొటోలో గ్లాసూ ఉంది, నవ్వూ ఉంది. అమ్మాయి చెయ్యి లేదు.

మూడు నెలలకు పింఛను సర్టిఫికెట్ మళ్లీ రాయించుకోవడానికి వెళ్తే, డాక్టరు ఫైల్లోంచి ఆ పేపరు ముక్క తీశాడు.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్. కానీ కింద వేరేవాళ్లు పట్టుకున్నారు."

"ఎవరు, దెయ్యమా?" అన్నాడు పక్కనున్న గుమాస్తా.

డాక్టరు నవ్వలేదు. "గ్లాసు పట్టుకునే చెయ్యి ఉంటే పింఛనుకు రాయడం కుదరదు. చెయ్యి పనిచెయ్యట్లేదని ఇచ్చినవాళ్ల దగ్గర కాగితం పట్రా."

కంపెనీ గేటు దగ్గర గంటన్నర నిలబడితే ఆ అమ్మాయి వచ్చింది. గుర్తుపట్టింది. లోపలికెళ్లి తిరిగొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

"ఒక్కరికి రాసిస్తే ఆరోజు ఇచ్చిన రెండొందల చేతులూ అంతేనంటారట ఆంటీ. కుదరదన్నారు."

"నీ పేరుతో నువ్వు రాయమ్మా. పట్టుకుంది నువ్వే కదా."

అమ్మాయి గేటువైపు చూసింది. "నా ఉద్యోగం పోతుంది ఆంటీ."

ఉద్యోగం పోవడమంటే ఏమిటో మూతలక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు. సంచిలోంచి ప్లాస్టిక్ చెయ్యి తీసి సెక్యూరిటీ బల్లమీద పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండి."

"ఇచ్చింది వెనక్కి తీసుకోరక్కా," అన్నాడు సెక్యూరిటీ అతను. "ఎక్కడ రాసుకోను? రిజిస్టర్లో దానికి గడే లేదు."

మళ్లీ సంచిలో వేసుకుంది.

ఇంటికి రాగానే మరదలు అడిగింది. "ఏమన్నారు వదినా?"

"పింఛను ఆగిపోయినట్టే."

మరదలు అన్నం గిన్నె తన పిల్లలవైపు జరిపి, వాళ్లకు వడ్డించాక అడుగున ఉన్నది వదిన కంచంలో పెట్టింది. మూతలక్క ఎడమచేత్తో కలుపుకుని తింది. మారు అడగలేదు.