బా రికార్డును మూడుసార్లు కడిగిన రోజు

ఆ రోజుల్లో నాకు రాని పని ఎవరడిగినా "వస్తుంది" అనేసేదాన్ని. భయం ఆ తర్వాత తీరిగ్గా వచ్చేది. పర్వత్ పాటియాలో పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే గుజరాతీ కాకా దగ్గర చేరినప్పుడూ అంతే. గోడాదరాలో మగ్గాల మోతలో పెరిగినదాన్ని కదా, యంత్రాలంటే లెక్కేమిటి అనుకున్నాను.

ఒకరోజు కాకా రికార్డులు కడిగే మూడు యంత్రాలు ముందు పెట్టి, "ఏది మంచిదో సాయంత్రానికి చెప్పు" అని అమ్రోలి వెళ్లాడు. మొదటిది బ్రష్షులున్న తొట్టి; చేత్తో రికార్డును తిప్పాలి. రెండోది తడిపి, మురికినీళ్లు పీల్చేస్తుంది (అరుపు మాత్రం రెండు మగ్గాలంత). మూడోది నీళ్లలో సన్నగా జుమ్మంటూ, ఏ బ్రష్షూ తగలకుండా కడుగుతుంది. బల్ల మీద చేతికందిన రికార్డునే మూడింట్లోనూ వరుసగా కడిగాను. ముందే శుభ్రమైపోయినదాన్ని మళ్లీ కడిగితే ఏది గొప్పదో ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఆ బుర్రకు తట్టలేదు.

మూడోదాంట్లో నీళ్లు గీత దాటించి పోశాను. రికార్డు మధ్యనున్న కాగితం తడిసి, పేరు రాసిన సిరా ఎర్రగా కారిపోయింది. అప్పుడు చూశాను కవరు: అది బా అని మేమంతా పిలిచే ముసలావిడ శుభ్రం చేయమని ఇచ్చి వెళ్లింది. పోయిన భర్త పెళ్లయిన కొత్తలో పాడి చేయించుకున్న ఒకే ఒక్క ప్రతి. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, కొంప మునిగింది! రికార్డు మీద పేరు కరిగిపోయింది."

"పేరు కరిగిందా, పాట కరిగిందా? జర సక్కగ చెప్పు బిడ్డా."

"పేరే."

"గట్లయితే ఏడుపెందుకే? పెట్టి ఇను. పాటుంటె ఉంటది, లేకుంటె లేదు."

పెట్టే ధైర్యం లేదు. ఇంతలో బా రానే వచ్చింది. యంత్రం మీద నెపం వేద్దామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది, నిజమే చెప్పేశాను. ఆవిడ పేరు చెరిగిన కాగితాన్ని కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"వగాడ్," అంది చివరికి, మోగించమని.

వణుకుతూ ముల్లు దించాను. గరగర లేదు. ఆయన గొంతు నిండుగా వచ్చింది. చరణం మధ్యలో ఎవరో ఆడమనిషి మెల్లగా దగ్గింది. బా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అరే, దగ్గింది నేనే! ఇన్నేళ్లూ ఆ చప్పుడు రికార్డు జబ్బే అనుకున్నాను." నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ పెన్ను నా చేతికిచ్చింది. "రాయి బేటీ. ఆయన పేరూ, నా పేరూ."

గుజరాతీలో రాశాను, ఆమె పేరులో ఒక అక్షరం తప్పుతో. బా దిద్దనివ్వలేదు.

సాయంత్రం కాకా, "ఏది మంచిది?" అన్నాడు. "మూడూ" అన్నాను. ఆయన చూసిన చూపు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు నా చేతులు వణకవు. కానీ ఆనాటి ఆ పిల్ల ఎదురుపడితే తిట్టను. కుర్చీ వేసి, కాస్త చాయ్ తాగిస్తాను.