బాలయ్య డ్యూటీ వదిలి పారిపోలేదు

నిన్న పొద్దున బాలయ్యన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మన ఈఈ సార్ పోయిండంట. వనపర్తిల. గుండె ఆగిందంట."

షాక్. టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఏడుపు మాత్రం రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం వయసు ముప్పై ఏళ్లు.

మా రిటైర్డ్ స్టాఫ్ గ్రూప్‌లో నిన్నటి నుంచి ఒకటే పొగడ్తలు. "గొప్ప ఇంజినీర్, ఆఫీసుకు వైర్‌లెస్ తెచ్చిన మహానుభావుడు" అంట. తెచ్చాడు, నిజమే. యాంటెన్నా బిగించిన టెక్నీషియన్‌ని నేనే. అందుకే మిగతాది కూడా నేనే చెప్పాలి.

తొంభైల నాటి మాట. సార్ అప్పుడు మా ఇరిగేషన్ ఆఫీసుకు ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. బీచుపల్లి దగ్గర కృష్ణ అవతలి ఒడ్డున నీటిమట్టం కొలిచే మిషన్ ఉండేది. దాని రీడింగ్ టెలిఫోన్ తీగ మీద గద్వాలలో మా ఆఫీసుకు వచ్చేది. గట్టిగా గాలి వీస్తే తీగ తెగేది. సార్ దాని బదులు లాంగ్ రేంజ్ రేడియో పెట్టించాడు. ఎండాకాలంలో టెస్ట్ చేశాం. నదిలో బండలు, ఇసుక తప్ప ఏమీ లేదు. సిగ్నల్ ఫుల్.

పాత తీగ వెంటనే చుట్టేయమన్నాడు.

ఒడ్డున ఆ మిషన్‌ని చూసుకునే బాలయ్యన్న బతిమాలాడు. "సార్, ఒక్క వానకాలం సూద్దాం. జర తీగ ఉండనియ్యుండ్రి."

"నీళ్లకూ రేడియోకూ ఏం సంబంధమయ్యా?" అని సార్ నవ్వాడు.

నేనూ నవ్వాను.

సంబంధం ఉంది. నది నిండితే సిగ్నల్ నీళ్ల మీద పడి లేచి రెండోసారి వస్తుంది, మొదటిదాన్ని చెడగొడుతుంది. సరిగ్గా వరద వచ్చిన రోజే లింక్ పోయింది. మా స్క్రీన్ మాత్రం చివరగా అందిన పాత నంబర్‌నే చూపిస్తూ కూర్చుంది.

తీగ లేదు కాబట్టి ఫోన్ కూడా లేదు. బాలయ్యన్న లారీ పట్టుకుని, నిలువునా తడిసి ఆఫీసుకు వచ్చాడు.

"సార్, నీళ్లు ఘాటు మెట్లెక్కినయి. ఒడ్డు ఊళ్లల్ల సాటింపు ఏపియ్యుండ్రి, రైతులు నది కాడి మోటార్లన్న తీసుకుంటరు."

సార్ స్క్రీన్ చూపించాడు. "ఇందుల ఏం లేదు కదా. డ్యూటీ ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్?"

ఎదురుగా తడి బట్టలతో నిలబడ్డ మనిషిని నమ్మలేదు!

సాయంత్రానికి రైతుల మోటార్లు, పైపులు, వేరుశనగ చేలు అన్నీ కొట్టుకుపోయాయి.

గేజ్ రీడర్ బాలయ్య డ్యూటీ వదిలి వెళ్లడం వల్లే సమాచారం అందలేదని సార్ రిపోర్ట్ రాశాడు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. నాది అప్పుడు టెంపరరీ ఉద్యోగం, భయపడ్డాను.

బాలయ్యన్న ఉద్యోగం పోయింది. అయిజ మార్కెట్లో బస్తాలు మోసి పిల్లల్ని పెంచాడు. ఆ ఒడ్డు రైతులు ఇప్పటికీ ఆయన్నే తిడతారు. వాళ్ల ఊళ్ల మీదుగా వెళ్లే బస్సు కూడా ఆయన ఎక్కడు.

అలాంటి మనిషి నిన్న ఫోన్లో ఏమన్నాడో తెలుసా? "పా తమ్మీ, పోయి దండేసొద్దాం. ఎంతైనా మన సారే కదా."

తిక్క లేచింది. నేను రానన్నాను. ఆయన ఒక్కడే వెళ్లి వచ్చాడు.

గ్రూప్‌లో పూలు పెడుతున్నవాళ్లు ఇది కూడా చదవండి. ఆ రిపోర్ట్ అబద్ధం. దాని కింద రెండో సంతకం నాది. ఒడ్డు ఊళ్ల వాళ్లెవరైనా చూస్తుంటే, మీ మోటార్లు ముంచింది బాలయ్య కాదు. మేము.

వెళ్లండి సార్. మీకు శాంతి దొరకాలి. మీరు చెప్పకుండా పోయిన మాట నేను చెప్పేశాను.